బటన్ నొక్కక్కర్లేని పరీక్ష

మా అత్తయ్యకు వినపడదు కాబట్టి నేను ఆడియాలజీలో చేరాను. సీటు కోసం పెట్టిన దరఖాస్తులో ఇదే రాశాను. ఇంటర్వ్యూలోనూ ఇదే చెప్పాను, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాను కూడా.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. ఒక గొంతు ఒక్కసారి వింటే మరిచిపోయేది కాదు. రిటైరైన ఏడాదే మావయ్య పోయాడు. పిల్లలు లేరు. నాన్న వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చిన రెండో ఏడు ఆమెకు పెద్ద జ్వరం తగిలి, రెండు చెవులూ చీము పట్టాయి. జ్వరం తగ్గేసరికి వినికిడి పోయింది. అప్పుడు నేను పదో తరగతి. ఆర్నెల్లు మందులు వాడి చూద్దామన్నాడు డాక్టరు. ఆర్నెల్లయినా ఏమీ మారలేదు. ఇక ఏ డాక్టరు దగ్గరికీ రానని అత్తయ్య తెగేసి చెప్పింది.

ఆమెతో మాట్లాడటానికి ఇంట్లో ఒక పలక ఉండేది, దానికి దారంతో కట్టిన సుద్దముక్క. మేం రాసేవాళ్ళం, ఆమె నోటితో జవాబు చెప్పేది. "వినపడనివాళ్ళు గొంతు పెంచి మాట్లాడతారు కదా, మీ వదిన ఎంత నెమ్మదో" అని పక్కింటావిడ అమ్మతో అనేది. నిజమే అనుకుని మేమూ మురిసిపోయాం.

పలక మీద రాయాలంటే ఎవరికైనా బద్ధకమే. అన్నానికి రమ్మనో, మందు వేసుకోమనో రాసి, మిగతా మాటలన్నీ ఆమె ఎదుటే మాట్లాడేసుకునేవాళ్ళం. నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. మిషన్ల హోరులో బతికి బతికి ఇంట్లో కూడా గుసగుస అన్నది తెలియని మనిషి. యజమానిని తిట్టుకున్నా, అమ్మతో పోట్లాడినా అత్తయ్య కూర్చున్న గదిలోనే. అమ్మ కుట్టుమిషను తొక్కుతూ తన పుట్టింటివాళ్ళ మీద అక్కసంతా అక్కడే వెళ్ళబోసుకునేది. ఇక నా సంగతి చెప్పక్కర్లేదు. బట్టలు మడతపెడుతున్న అత్తయ్య పక్కన చేరి, కడుపులో ఉన్నదంతా కక్కేసేదాన్ని. ఎవరిని ఇష్టపడ్డానో, వాడు ఏమని కాదన్నాడో, ఏ పరీక్షలో ఎవరి పేపరు చూసి రాశానో, అన్నీ. ఆమె నా మొహం చూసి తలూపేది. "ఏదో వాగుతున్నావు పిచ్చుకా, బాగానే ఉంది" అనేది. ఎవరికీ చేరని మాటలు కదా అని నాకు ప్రాణం తేలికపడేది.

డిగ్రీలో ఫిజిక్స్ చదివి పీజీకి ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రం, తీసుకున్నాను. మా విభాగం ఆసుపత్రి వెనక వైపు కింది అంతస్తులో ఉండేది. పొడవాటి నడవా, రెండు సౌండ్ ప్రూఫ్ గదులు, గోడకు వేలాడే హెడ్‌ఫోన్లు. గదుల తలుపులు ఎంత బరువంటే మూసినప్పుడు చెవులు దిబ్బడ వేసినట్టుండేవి. మాకు ప్రాక్టికల్స్ చెప్పే మేడమ్‌ని అందరం 'మళ్ళీ మేడమ్' అనేవాళ్ళం. ఏ పరీక్ష చేసి చూపించినా "మళ్ళీ చెయ్యి" అనేది. బాగా చేసినా సరే అదే మాట.

మొదటి ఏడు చివర్లో, సాధన కోసం ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు. నేను అత్తయ్యని తీసుకెళ్ళాను. హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని పలక మీద రాశాను. రెండు చెవుల్లోనూ ఎనభై డెసిబెల్స్ దగ్గర గానీ నొక్కలేదు. ఎనభై అంటే చెవి పక్కన అరిచినంత. అది తీవ్రమైన లోపం. ఆ లెక్కకు సరిపడేలా విభాగంలో ఉన్న ఒక జత వినికిడి మిషన్లు సెట్ చేసి ఇంటికి తెచ్చి పెట్టాను.

పెట్టిన మరుక్షణం ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నేను అమ్మని పిలిచాను. "అమ్మా, చూడు, వినపడుతోంది, ఏడుస్తోంది" అని గంతులేశాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని తలూపింది. నాలుగు రోజులు పెట్టుకుంది. అయిదో రోజు తీసి నా చేతిలో పెట్టి, "తలనొప్పిగా ఉంది పిచ్చుకా, నాకు వద్దులే" అంది. అలవాటు పడేవరకు అలాగే ఉంటుందని పుస్తకంలో ఉంది. నేను పట్టించుకోలేదు.

రెండో ఏడు ఒక్కొక్కరం ఒక మనిషిని పూర్తిగా పరీక్షించి అందరి ముందు వివరించాలి. దానికి మార్కులెక్కువ. నాకు ఆలోచించాల్సిన పనే లేదు. అత్తయ్య మొదట రానంది. "నా మార్కుల కోసం" అని పలక మీద రాసి కింద రెండు గీతలు గీస్తే, చీర మార్చుకుని వచ్చింది.

ఆ పొద్దున బటన్ పరీక్ష మళ్ళీ చేశాను. ఈసారి కుడిచెవి తొంభై, ఎడమచెవి డెబ్బై అయిదు. తేడా ఎందుకొచ్చిందా అనుకున్నాను గానీ, వయసు మీద పడుతోందని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఇంకో పరీక్ష. చెవిలో చిన్న మొన పెట్టి శబ్దం పంపితే, లోపలి చెవి ఆరోగ్యంగా ఉంటే సన్నటి ప్రతిధ్వని తిరిగొస్తుంది. ఎనభై డెసిబెల్స్ లోపం ఉన్న చెవి నుంచి రానే రాదు.

వచ్చింది. రెండు చెవుల నుంచీ వచ్చింది.

మిషను చెడిందనుకున్నాను. మొన మార్చాను. నా చెవిలో పెట్టుకుని చూశాను, సరిగానే ఉంది. మళ్ళీ అత్తయ్యకు పెట్టాను. మళ్ళీ వచ్చింది. అప్పుడు గుర్తుకొచ్చింది, చెవి బాగుండి, చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం మాత్రం పనిచేయని జబ్బు ఒకటుంది. అరుదైన జబ్బు. మా సీనియర్లెవరికీ అలాంటి కేసు తగల్లేదు. ఒళ్ళు పులకరించింది. మా అత్తయ్యకు అరుదైన జబ్బుందని సంతోషపడ్డాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పరుగున వెళ్ళి మేడమ్‌ని పిలుచుకొచ్చాను. ఆమె కాగితాలన్నీ తిరగేసి, "బటన్ పరీక్ష ఎంతసేపు చేశావు?" అంది.

"నలభై నిమిషాలు మేడమ్."

"అంతసేపట్లో ఒక్కసారైనా పొరపాటున నొక్కలేదా?"

"లేదు మేడమ్. చాలా శ్రద్ధగా చేస్తుంది."

"వినపడనివాళ్ళు, వినపడిందేమో అనుకుని ఒకటి రెండుసార్లన్నా ఊరికే నొక్కుతారు" అంది. నాకు అర్థం కాలేదు. "సరే, నరం పరీక్ష చెయ్యి. నేను పక్కనే ఉంటా."

ఈ పరీక్షలో మనిషి చేసేదేమీ లేదు. నుదుటి మీదా చెవుల వెనకా చిన్న చిన్న బిళ్ళలు అంటించి పడుకోబెడతాం. శబ్దం చేరినప్పుడు మెదడులో పుట్టే అలలు గది బయటి తెర మీద కనిపిస్తాయి. బిళ్ళలు అంటిస్తుంటే అత్తయ్య అడిగింది.

"బటన్ ఏదే?"

"దీనికి బటన్ నొక్కక్కర్లేదు" అని రాశాను.

"మరి వినపడిందీ లేనిదీ నీకెలా తెలుస్తుంది?"

"మెదడే చెప్పేస్తుంది. నువ్వు నిద్రపోయినా పరవాలేదు."

ఆమె పలకకేసి చాలాసేపు చూసింది. తర్వాత నాకేసి చూసింది. భయపడుతోందనుకుని, "నొప్పి ఉండదు" అని రాశాను. ఆమె పలక పక్కన పెట్టి, పడుకుని కళ్ళు మూసుకుంది.

ఎనభై డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టాను. తెర మీద అలలు ఒకదాని వెనక ఒకటి లేచాయి, పుస్తకంలో బొమ్మ గీసినట్టు. నరం బాగానే ఉంది. అరవైకి తగ్గించాను. ఉన్నాయి. నలభై. ఉన్నాయి. ముప్పై అంటే గుసగుస. అక్కడ కూడా పెద్ద అల చిన్నదైంది గానీ పోలేదు. వయసుతో వచ్చే కాస్త తగ్గుదల తప్ప, ఆ చెవులకు ఏమీ లేదు.

"మళ్ళీ చెయ్యి" అంది మేడమ్, చాలా మెల్లగా.

చేశాను. అవే అలలు.

కుర్చీలోనే ఉన్నాను గానీ కింద కుర్చీ ఉన్నట్టు తెలియలేదు. తెరని చూస్తున్నాను, అది నాకు తెలియని భాషలో ఏదో చెబుతున్నట్టుంది. ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఆ పలక మీద రాసిన ప్రతి అక్షరం కళ్ళముందు తిరిగింది. తర్వాత, రాయకుండా నోటితో అన్నవి గుర్తుకు రావడం మొదలైంది. సీటొచ్చిన రోజు ఆమె మంచం మీదే కూర్చుని ఫోన్లో స్నేహితురాలితో నవ్వుతూ అన్నాను: "మా అత్తయ్య చెవుడు పనికొచ్చిందే. ఇంటర్వ్యూలో రెండు కన్నీటి చుక్కలు రాల్చా, అంతే, సీటు." అప్పుడు అత్తయ్య ఏం చేస్తోంది? నా దుప్పటి మడతపెడుతోంది.

ఆ వెనకే వినికిడి మిషన్లు గుర్తొచ్చాయి. బాగా వినపడే చెవుల్లో, అరుపుని కూడా పెంచి కొట్టేలా సెట్ చేసిన మిషన్లు పెట్టాను. నాలుగు రోజులు. గిన్నె కింద పడ్డా, నాన్న మాట్లాడినా, ఆ తలలో ఏం మోగి ఉంటుందో. ఆ కన్నీళ్ళు చూసి నేను గంతులేశాను.

"మేడమ్, అబద్ధమాడింది" అన్నాను.

"ఆ మాట మన రిపోర్టుల్లో ఉండదు. ఫలితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదని రాస్తాం, అంతే. ముందు వెళ్ళి ఆవిడతో మాట్లాడు. ఇంట్లోవాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. నువ్వు మేనకోడలివైనా సరే, ఇక్కడ ఆవిడ పేషెంటు." లేచి వెళుతూ నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు చెయ్యలేనంటే నేను మాట్లాడతా."

నేనే వెళ్ళాను. తలుపు మూసి, ఆమె పక్కన కూర్చుని, నా పెదాలు కనపడకుండా తల వంచుకుని, మామూలు గొంతుతో అన్నాను. "అత్తయ్యా, నీకు వినపడుతుంది కదూ?"

ఆ గదిలో బయటి చప్పుడేదీ చేరదు. ఆమె ఊపిరి వినపడుతోంది.

"ఆ" అంది.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చిన రెండు నెలలకే. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి కుళాయి కారుతున్న చప్పుడు వినపడింది. ఎంత సంబరపడ్డానో. మీ అమ్మకు చెబుదామని వంటింటి దాకా వెళ్ళా. లోపల మీ నాన్నా అమ్మా మాట్లాడుకుంటున్నారు."

ఏమన్నారో నేను అడగకముందే ఆమే చెప్పింది.

"నీ చదువుకు గది కావాలని, నన్ను వేరే చోట పెడదామని జ్వరానికి ముందే అనుకున్నారట. మీ అమ్మ, 'చెవులు బాగుంటే ఎక్కడైనా ఒక్కతే ఉండగలిగేది, ఇప్పుడెలా పంపిస్తాం' అంది. మీ నాన్న, 'వినపడనంత కాలం ఉండనీ, వినపడ్డాక చూద్దాం' అన్నాడు. తప్పుగా ఏం అన్లేదు వాళ్ళు. ఇల్లు చిన్నది. కానీ అప్పటికి మీ మావయ్య పోయి రెండేళ్ళు కూడా కాలేదు. ఒంటిగా ఉండటమంటే నాకు చచ్చేంత భయంగా ఉండేది. వెనక్కొచ్చి పడుకున్నా. నాలుగు రోజులు ఆగి చెబుదామనుకున్నా. నాలుగు రోజులు ఏడేళ్ళయ్యాయి."

"మరి ఆ మిషన్లు? నొప్పి పుట్టలేదా? ఒక్క మాట చెబితే నేను..."

"ఏమని చెప్పను? నువ్వేమో ఎగురుతున్నావు."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. గోడలకు అంటించిన ఫోమ్‌లోని గళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"ఇవాళ బటన్ లేదన్నావు చూడు, అప్పుడే తెలిసిపోయింది దొరికిపోతానని" అంది అత్తయ్య. "లేచి వెళ్ళిపోదామనుకున్నా. తర్వాత నీ మార్కులు గుర్తొచ్చాయి."

మధ్యాహ్నం మేడమ్ స్వయంగా బటన్ పరీక్ష చేసింది. అత్తయ్య ఈసారి నిజంగా నొక్కింది. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. కీచు శబ్దాల దగ్గర ఒకచోట మాత్రం గ్రాఫులో గీత గుంటలోకి దిగినట్టు యాభైకి పడిపోయింది. పెద్ద చప్పుడుకు దెబ్బతిన్న చెవుల్లో అలాంటి గుంట ఉంటుందని మాకు పాఠంలో ఉంది.

"నా మిషన్ల వల్లేనా మేడమ్?"

ఆమె వెంటనే కాదనలేదు. "ముప్పై రెండేళ్ళు చెవికి ఫోను తగిలించుకుని పనిచేసిన మనిషి. వయసు కూడా ఉంది. నాలుగు రోజులకే ఇంత రావడం అరుదు" అంది. కాగితాలు సర్దుతూ, "రాదని మాత్రం నేను చెప్పలేను. నిరుడు నీ సెట్టింగు మీద సంతకం పెట్టింది నేనే. అందులో సగం నాది" అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పవద్దని అత్తయ్య అనలేదు. చెప్పమనీ అనలేదు. మూడు రోజులు నేను నోరు కుట్టేసుకుని తిరిగాను. నాన్న భోజనానికి కూర్చుని, "అక్క ఈ మధ్య మరీ చాదస్తంగా తయారైంది, చెప్పులు పెట్టిన చోట ఉండనివ్వదు" అంటుంటే నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తుకునేదాన్ని. అత్తయ్య మాత్రం ప్రశాంతంగా మజ్జిగ పోసుకునేది. ఆ ప్రశాంతత చూస్తే నాకు ఇంకా భయమేసేది.

నాలుగో రోజు రాత్రి, అందరం తింటుండగా, ఆమె కంచంలో చెయ్యి ఆపింది. "తమ్ముడూ, నాకు వినపడుతోంది."

నాన్న మొహం వెలిగిపోయింది. ఎడమచేత్తో పలక అందుకుని, "సంతోషం. ఎప్పటి నుంచి?" అని రాసి చూపించాడు.

"పలకెందుకురా. నోటితో అడుగు."

ఆయన పలక దించాడు. "ఎప్పట్నుంచి అక్కా?"

"ఏడేళ్ళయింది."

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేను అంతకుముందెన్నడూ వినలేదు. "అంటే, మేం అన్నవన్నీ..."

"అన్నీ విన్నా."

"వంటింట్లో అన్నది కూడా?"

ఏ రోజు, ఏ మాట అని ఎవరూ అడగలేదు. అత్తయ్య తలూపింది. నాన్న సగం అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, వేళ కాకపోయినా ప్రెస్సుకు వెళ్ళిపోయాడు.

నేను అమ్మకేసి చూశాను. అమ్మ కంచంలోకి చూస్తోంది గానీ, ఆ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా అమ్మా?"

"అయిదేళ్ళ కింద పెరట్లో జారిపడ్డా కదా, చెయ్యి విరిగింది" అంది అమ్మ, తల ఎత్తకుండా. "అరవడానికి కూడా ఓపిక లేదు. 'వదినా' అన్నా, అంతే, నాకే సరిగ్గా వినపడలేదు. ముందుగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశా. ఆ మాట బయటికొస్తే వంటింటి మాట కూడా రావాలి. నాకు ధైర్యం చాల్లేదు."

"మరి ఆ తర్వాత కూడా ఆమె ముందే అన్నీ మాట్లాడేదానివి కదా."

"ఎవరో ఒకరు వినాలి కదే" అంది అమ్మ.

అత్తయ్య అన్నం కలుపుకుంటోంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను వాళ్ళ మధ్య కూర్చుని, ఈ ఇంట్లో వినపడనిదాన్ని నేనొక్కదాన్నేనా అనుకున్నాను.

తర్వాత అంతా చక్కబడిందని చెప్పను. ఇల్లు మూగబోయింది. నాన్న అత్తయ్య ఉన్న గదిలోకి రావడమే తగ్గించేశాడు. మేం తలుపులు దగ్గరకు వేసుకుని మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. "చెవిటిదాన్నిగా ఉన్నప్పుడే నయం, నా దగ్గర కాసేపు కూర్చునేవాళ్ళు" అని అత్తయ్య ఒకసారి నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను.

కేసు గురించి క్లాసులో చెప్పడానికి ఆమె కాగితం మీద సంతకం పెట్టింది, పేరు, బంధుత్వం బయటపెట్టకూడదన్న షరతుతో. పరీక్షలన్నీ వివరించాను. ఆమె ఎందుకు అలా చేసిందని ఒక జూనియర్ అడిగితే, అది చెప్పడానికి ఆమె అనుమతి లేదన్నాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కుల కాగితం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

రెండు నెలల తర్వాత అత్తయ్య తనతో ఎక్స్ఛేంజిలో పనిచేసిన స్నేహితురాలి ఇంటికి మారింది. మా ఇంటికి రెండు వీధుల అవతల, పై అంతస్తు. నాన్న పెట్టె భుజాన పెట్టుకుని మెట్లెక్కాడు. సగం మెట్ల మీద పెట్టె దించి, గోడకు ఆనుకుని, "ఉండిపో అక్కా. మనింటికి పోదాం పద" అన్నాడు. రెండు నెలల్లో ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది.

అత్తయ్య రెండు మెట్ల పైన నిలబడి ఉంది. "నువ్వు అడగవేమోనని భయపడ్డాను" అంది. "అడిగావు. ఇప్పుడు వెళ్ళగలను."

నాన్న మళ్ళీ పెట్టె ఎత్తుకున్నాడు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ నాన్న ఆమెకు ఫోన్ చేస్తాడు. ప్రెస్సులో మిషన్లు ఆగే వేళ అదే. ఏం మాట్లాడుకుంటారో ఆయన చెప్పడు, అమ్మ అడగదు. ఆ స్నేహితురాలు మాత్రం ఒకసారి నాతో అంది, మీ నాన్న ఎక్కువగా వింటాడమ్మా, మీ అత్తయ్యే చెబుతూ ఉంటుంది అని.